మూతి కట్టి పంపిన వాసన

సాయంత్రం ఐదింటికి ఫౌస్తో లియూ పొయ్యి వెలిగిస్తాడు. చుక్క నూనె లేకుండా బాణలిని పొగలు వచ్చేదాకా కాలుస్తాడు. గుప్పెడు అల్లం ముక్కలూ నాలుగు ఉల్లికాడలూ అందులో వేసి, నల్లబడేదాకా గిరగిరా తిప్పి, చెత్తబుట్టలో పారేస్తాడు. అవి తినడానికి కాదు, బాణలిని నిద్రలేపడానికి. తాత చీనాలోని కాంటన్‌ నించి వచ్చి లిమా రేవులో ఓడ దిగినప్పటినించీ ఆ ఇంట్లో ఇదే పద్ధతి. అల్లం మాడే వేళకి వంటింటి తలుపు తీసి ఉండాలి. ఆ పని ఫౌస్తో భార్య ఎర్మెలిందాది. ఆమె తలుపు పట్టుకుని పక్కకి జరుగుతుంది. వాసన ఆమె మోకాళ్ళని రాసుకుంటూ బయటికి నడిచి వెళ్తుంది.

కర్టెన్లు కట్టిన ఎనిమిది చిన్న గదుల మధ్యనించి, చీనా హోటలు గుమ్మం మీద లియూ చీఫా అని ఎర్రక్షరాలతో రాసిన బోర్డు కిందనించి వీధిలోకి దిగి, ఎడమవైపు తిరుగుతుంది. ముందు దోన్ నికనోర్ మంగలి షాపు. తర్వాత తాళాలు చేసేవాడు. తర్వాత చర్చి వెనక సందు. ప్రతి గుమ్మం దగ్గరా కాసేపు ఆగుతుంది. రావాలనుకున్న వాళ్ళని చొక్కా చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది.

"ఇవాళ కాదే తల్లీ, సోమవారం," అంటారు ఆడవాళ్ళు కిటికీలోంచి. సోమవారం లిమాలో ఇంటింటా పప్పే. అది నొచ్చుకోదు. ఒక చుట్టు తిరిగి పెందలాడే వచ్చేస్తుంది. మిగతా రోజుల్లో చివరి బల్ల తుడిచే వేళకి వచ్చి, బియ్యం బస్తాల వెనక పడుకుంటుంది. బ్రెన్యా పేట దాటి వెళ్ళదు. బ్రసీల్ అవెన్యూ మీద కార్లంటే దానికి భయం.

పెళ్ళయి ఎర్మెలిందా కాపరానికి వచ్చిన వారంలోనే అత్తగారు చెప్పింది.

"పార్సిల్ కవరు మూతి ఎప్పుడూ పూర్తిగా ముడెయ్యకు. ఒక చెవి వదిలెయ్. ఆవిరి చిక్కుకుంటే వేయించిన వంతాన్ మెత్తబడుతుంది. ఇది చిక్కుకుంటే ఇంటికి రాదు."

ఇరవయ్యారేళ్ళుగా ఎర్మెలిందా ఒక చెవి వదిలేస్తూనే ఉంది.

బ్రెన్యాలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే కూలి, వాటి చోట ఇరవై అంతస్తులవి లేచాయి. వాటికి కిటికీలు తెరుచుకోవు. వాసన గోడ పట్టుకుని మూడో అంతస్తు దాకా ఎక్కి, జారి కింద పడేది. పైన ఉండేవాళ్ళు ముప్ఫై ఏళ్ళ పిల్లలు. గదికి ఒక మంచం, మంచానికి ఒక ఫోన్. ఫోన్లో బొమ్మ చూసి తింటారు. ఒక నెల అందరికీ అన్నం మీద పచ్చి చేప కావాలి. ఇంకో నెల అందరికీ కొరియా కోడి కావాలి. ఆ పై నెల ఆ రెండూ ఎవరికీ అక్కర్లేదు. పాతవాళ్ళు పోయారు, లేదా పిల్లల దగ్గరికి వెళ్ళారు. చీఫాలో ఎనిమిది గదులకి రెండు గదుల్లో దీపం వెలిగితే గొప్ప.

ఫౌస్తో, ఎర్మెలిందాలకి ఒక్కతే కూతురు, మిలూష్కా. ఇరవై మూడేళ్ళు. పిండి రేకులో మాంసం పెట్టి వంతాన్ మడవడం ఐదో ఏటే నేర్చుకుంది. తండ్రి పక్కన రెండో పొయ్యి మీద ఆమే వండేది. ఒక శుక్రవారం పొయ్యి దగ్గరే మొదలుపెట్టింది.

"బల్లల దగ్గరికి ఎవరూ రారు నాన్నా. మనమే వాళ్ళ ఫోన్లోకి వెళ్ళాలి. నాలుగు ఫొటోలు తీస్తాను. చౌఫా వేపుడన్నం గిన్నెలో అందంగా సర్ది పైన అవకాడో పెడదాం."

"అవకాడో."

"అవును, అవకాడో."

"మా తాత వింటే మళ్ళీ ఓడెక్కేవాడు."

మొదటి గదిలో సోయా సాస్ కలుపుకుంటున్నవాళ్ళు నవ్వారు. మిలూష్కా ముఖం ఎర్రబడింది.

"నీ వాసన మూడో అంతస్తు ఎక్కలేకపోతోంది నాన్నా. ముసలిదైపోయింది. చూసుకో."

వాసన ఆ మాట విన్నది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఫౌస్తో గరిటె పక్కన పెట్టాడు.

"ఫోన్లు తినేవాళ్ళ దగ్గరికే పో అయితే. నా పొయ్యి దగ్గరికి రాకు."

ఎర్మెలిందా రెండు చేతుల్లో రెండు సూపు గిన్నెలు పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాల్సింది. సూపు చల్లారిపోతోందని మూడో గదికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి సందులో మిలూష్కా మోటార్ సైకిల్ లేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. మిలూష్కా నంబరు మార్చేసింది. దోన్ నికనోర్ ఒక్కసారి చూశాడట, సెంటర్లో సిగ్నల్ దగ్గర. ఊదారంగు జాకెట్, వీపు మీద చదరపు పెట్టె. పేరు పెట్టి పిలిచేలోపు పచ్చలైటు పడింది.

"చిక్కింది అక్కా," అన్నాడు కత్తెర ఆడిస్తూ. "బండి మాత్రం బాగా నడుపుతోంది."

ఊదారంగు జాకెట్లంటే ఫోన్లో ఆర్డర్లు తీసుకునే డెలివరీ కంపెనీ వాళ్ళవి. ఎర్మెలిందా మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు ఫౌస్తోతో, "మనం కూడా ఫోన్లో చేరదాం," అంది. అతను బియ్యం కడుగుతున్నాడు. కడిగిన నీళ్ళు పారబోసి, మళ్ళీ పోసి, మళ్ళీ పారబోశాడు.

"నీ ఇష్టం," అన్నాడు.

ఎందుకో అతనికీ తెలుసు. ఊదారంగు జాకెట్లు ఇక రోజూ గుమ్మంలోకి వస్తాయి. వందమంది వస్తే అందులో ఒకరు ఆమె కావచ్చు.

కంపెనీ నించి ఒక అమ్మాయి పలక లాంటి ఫోన్ పట్టుకుని వచ్చింది. ఆర్డరు ఎలా వస్తుందో, మోగితే ఏది నొక్కాలో చూపించింది. చుట్ట చుట్టిన స్టిక్కర్లు ఇచ్చింది.

"మూత మీద ఇలా అడ్డంగా అంటించాలి మేడమ్. దారిలో ఎవరూ తెరవలేదని కస్టమర్‌కి నమ్మకం."

"మేం ఒక చెవి వదిలేస్తాం."

"వదలకూడదు. నక్షత్రాలు తగ్గుతాయి."

ఎర్మెలిందా స్టిక్కర్లు గూట్లో పెట్టింది. "మా అమ్మాయి మీ దగ్గరే బండి నడుపుతోంది. ఎక్కడుందో దీంట్లో కనబడుతుందా?"

"నాకు కనబడదు మేడమ్. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళని అదే పంపుతుంది."

"ఎవరు?"

ఆ అమ్మాయి చేతిలో పలకని కొంచెం పైకెత్తింది.

ఆర్డర్లు వచ్చాయి. ఇరవై అంతస్తుల వాళ్ళే. వీధి దాటితే దొరికేదాన్ని బండి మీద తెప్పించుకున్నారు. సీలు వేసేటప్పుడు ఎర్మెలిందా వాసనని కాలితో మెల్లిగా అవతలికి తోసేది, పొరపాటున లోపల పడకుండా. జాకెట్లు వచ్చేవి. హెల్మెట్ తీసిన ప్రతి ముఖమూ చూసేది. మీసాలు, గడ్డాలు, వెనెజులా యాస. అడిగేది.

"మిలూష్కా అని తెలుసా నాయనా? మిలూష్కా లియూ."

"మాకు పేర్లుండవు పిన్నీ. నంబర్లే."

అందరిలో కాసేపు నిలబడి మాట్లాడేవాడు యోర్మన్. నలభై దాటినవాడు. వెనెజులాలో మారకైబో ఊళ్ళో బడిపంతులట, లెక్కలు చెప్పేవాడట. ఇప్పుడు లిమా ఉత్తరపు అంచున పుయెంతె పియెద్రాలో ఉంటూ ఊరంతా తిరుగుతాడు. ఎర్మెలిందా అతనికి సూపు పోసేది. ఒక మధ్యాహ్నం సూపు తాగుతూ చెప్పాడు.

"అక్కా, మేం ఆర్డర్ల కోసం ఆగే పెట్రోలు బంకు దగ్గర ఒకమ్మాయి ఉంది. చీనా కళ్ళు. ఎడమ చేతి మీద నూనె పడి కాలిన మచ్చ."

ఎర్మెలిందా కుండ మీద మూత పెట్టింది. ఆ మచ్చ పడ్డ రోజు కలబంద రాసింది ఆమే.

"ఎప్పుడైనా ఇటు రమ్మని చెప్పకూడదూ?"

యోర్మన్ గిన్నెలోకి చూశాడు. "అది కాదక్కా. ఫోన్లో ఆర్డరు పడగానే ఏ పేటో చూపిస్తుంది. వద్దనుకుంటే వేలితో పక్కకి తోసెయ్యొచ్చు. ఆ పిల్ల ఏ ఆర్డరూ వదలదు, వానలో కూడా. బ్రెన్యా అని పడితే మాత్రం తోసేస్తుంది. నేను చూశాను. చదవను కూడా చదవదు, తోసేస్తుంది."

ఆ తర్వాత ఎర్మెలిందా హెల్మెట్ల కింద ముఖాలు చూడటం మానేసింది.

గురువారం ఐదింటికి ఫౌస్తో అల్లం మాడ్చాడు. ఆమె తలుపు తియ్యలేదు. చేతిలో పెద్ద కాగితం సంచి విప్పి పట్టుకుని, కిందికి వంగి నిలబడింది. వాసన ఆమె చేతులు చూసింది. ఆ చేతుల మీద నమ్మకమే. లోపలికి నడిచింది. ఎర్మెలిందా సంచి మూతి మడిచి, రెండు చెవులూ ముడేసి, పైన స్టిక్కర్ అడ్డంగా అంటించింది. లోపల ఒకసారి కదిలింది. తర్వాత కదల్లేదు.

బయట యోర్మన్ బండి మీద కూర్చుని ఉన్నాడు.

"ఇది ఆర్డరు కాదు," అంది. "నువ్వు ఇంటికెళ్ళేటప్పుడు బంకు దగ్గర విప్పెయ్."

అతను సంచి ఎత్తి చూశాడు. "బరువే లేదు."

"దారిలో ఉంటుంది. అవెన్యూ దాటేటప్పుడు మెల్లిగా పోనీ. దానికి కార్లంటే పడదు."

"సరే అక్కా," అని దాన్ని పెట్టెలో కాకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

లోపల ఫౌస్తో మొదటి ఆర్డరు వేస్తున్నాడు. వెల్లుల్లి వేశాడు, మాంసం వేశాడు, సోయా పోశాడు. అన్నీ చిటపటమన్నాయి. వాన చప్పుడులా ఉంది, అంతే. అతను ముక్కుపుటాలు పెద్దవి చేసి గాలి పీల్చి, బియ్యం బస్తాల వెనక చూశాడు. తర్వాత భార్యని చూశాడు.

"ఎంత దూరం పంపావు?"

"పుయెంతె పియెద్రా."

"తిరిగి రావడానికి దానికి దారి తెలీదు."

"మిలూకి తెలుసు."

అతను తిప్పడం మర్చిపోతే అన్నం అడుగంటింది. అడుగంటిన సంగతి ఇద్దరికీ తెలియలేదు, పొగ కనబడేదాకా.

శుక్రవారం రాలేదు. శనివారం రాలేదు. ఆదివారం దోన్ నికనోర్ వచ్చి గుమ్మంలోంచే అడిగాడు.

"ఏది మీ వాసన, కనబడ్డం లేదు? ఊరెళ్ళిందా?"

"పని మీద వెళ్ళింది."

"ఎప్పుడొస్తుంది?"

ఎర్మెలిందా బల్ల తుడిచింది. ఆయన తినకుండా వెళ్ళిపోయాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాళ్ళు లేనిదే ఎలా వస్తానన్నట్టు నడిచాడు. మిగతా పాతవాళ్ళూ అంతే. ఇరవై అంతస్తుల వాళ్ళకి మాత్రం తేడా తెలియలేదు. పై నించి ఒకరు ఫోన్లో ఐదు నక్షత్రాలిచ్చి, ఇప్పుడు వీధి శుభ్రంగా ఉంటోందని రాశారు.

ఫౌస్తో చేతికి కొలత పోయింది. ఉప్పు ఒకసారి రెండుసార్లు పడేది, ఒకసారి అసలు పడేది కాదు. రుచి చూసి చెప్పమని ఎర్మెలిందాకి గరిటె అందించేవాడు. ఆమె నాలుకకీ ఏమీ తెలిసేది కాదు. బావుందనేది. నక్షత్రాలు రాలిపోవడం మొదలైంది.

రెండో వారం యోర్మన్ వచ్చాడు.

"విప్పానక్కా. బస్సు దిగిన పల్లెటూరి మనిషిలా కాసేపు అక్కడే నిలబడిపోయింది. తర్వాత మా బళ్ళన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ఆ పిల్ల అప్పుడు లేదు, ఆర్డరు మీద వెళ్ళింది. గాలి పట్టే మిషను పక్కన కూర్చుంది. నాకు ఇంటికెళ్ళాలి. వదిలేసి వెళ్ళాను."

"తర్వాత?"

"తర్వాత నన్ను వేరే వైపు పంపుతున్నారు. ఆ బంకు దగ్గరికి పోవడం లేదు."

మూడో వారం వచ్చినప్పుడు అతను సూపు వద్దన్నాడు. ఆమె అప్పుడే భయపడింది.

"ఆ పిల్ల ఇప్పుడు బండి నడపడం లేదక్కా."

"పడిందా?"

"పడలేదు. తీసేశారు. మీరు పంపింది ఆమె పెట్టెలో కాపురం పెట్టిందట. పిజ్జా తీసుకెళ్తే అల్లం వాసన. కేకు తీసుకెళ్తే అల్లం వాసన. పుట్టినరోజు కేకు, అక్కా. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. అకౌంటు మూసేశారు. అడగడానికి మనిషి ఉండడు కదా అక్కడ."

ఎర్మెలిందా గోడకి ఆనుకుంది. తను కట్టిన ముడే. తను అంటించిన స్టిక్కరే.

అడ్రసు అతనే కాగితం మీద రాసిచ్చాడు. ఆదివారం పొద్దున్న ఆమె బస్సెక్కింది. ఫౌస్తో రాలేదు. గుమ్మం దాకా వచ్చి, "చలికోటు తీసుకో," అన్నాడు.

రెండు బస్సులు మారి, గంటన్నర వెళ్ళి, దుమ్ము దారిలో దిగింది. అడ్రసు వెతకక్కర్లేకపోయింది. సందు మొదట్లోనే వాసన ఆమె చొక్కా చెయ్యి పట్టుకుంది. ముసలిదేం కాలేదు. పొగరుగా, బలంగా ఉంది. కొండ మీద గుడిసెల దాకా పోయి జనాన్ని దింపుకొస్తోంది. ఇటుక గోడల గది, రేకు తలుపు, గుమ్మంలోనే సిలిండరు, ఒక్క పొయ్యి. గుమ్మం ముందు ముప్ఫైమంది దాకా నిలబడి ఉన్నారు. సగం ఊదారంగు జాకెట్లు, సగం ఇంటినించి కంచాలు తెచ్చుకున్న ఆడవాళ్ళు.

మిలూష్కా బాణలి మీదనించి తల ఎత్తి చూసింది.

"వరసలో రావాలి," అంది.

ఎర్మెలిందా వరస చివరికి వెళ్ళి నిలబడింది. తన వంతు వచ్చేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది.

"ఏం కావాలి?"

"చౌఫా."

"పెద్దదా, చిన్నదా?"

"చిన్నది."

మిలూష్కా గుడ్డు కొట్టింది. చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి, తండ్రి చేతుల్లాగే, ఎడమ మోచెయ్యి కొంచెం బయటికి పెట్టి.

"కేకు పోగొట్టుకున్న పిల్ల ఏడ్చింది తెలుసా, నా ముందే," అంది అన్నం తిప్పుతూ. "ఎనిమిదేళ్ళది. సబ్బుతో కడిగాను పెట్టెని. దీన్ని తరిమాను. రాళ్ళు వేశాను."

"రాళ్ళా?"

"పోలేదు. తలుపేస్తే గుమ్మంలో కూర్చుంది. మూడో రోజుకి జనం రావడం మొదలుపెట్టారు, కంచాలు పట్టుకుని. చీఫా ఇక్కడేనా అని అడుగుతారు. కాదంటే నమ్మరు. ఏం చెయ్యమంటావు?"

ఎర్మెలిందా అరచేతిలోంచి అరచేతిలోకి సంచి పట్టీ మార్చుకుంది.

"తీసుకుపోవడానికేగా వచ్చావు. పిలువు మరి."

ఆమె వంగి పిలిచింది, ఇంట్లో పిలిచినట్టే, నాలుక అంగిట్లో కొట్టి. వాసన సిలిండరు వెనకనించి లేచి వచ్చింది. మోకాళ్ళని రాసుకుంది. ఒక్క నిమిషం అలాగే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, వెళ్ళి మిలూష్కా కాళ్ళ దగ్గర పడుకుంది.

మిలూష్కా దాన్ని చూసింది, తల్లిని చూడలేదు. "అది రాదు," అంది. "నేనూ రాను."

"తెలుసు."

"వెనకవాళ్ళు చూస్తున్నారమ్మా."

ఎర్మెలిందా పళ్ళెం తీసుకుని పక్కకి జరిగింది. గోడ నీడలో నిలబడి తింది. అందరూ నిలబడే తింటున్నారు. ఒక ముసలాయన కంచం మోటార్ సైకిల్ సీటు మీద పెట్టుకున్నాడు.

చీకటి పడకముందే ఇల్లు చేరింది. ఫౌస్తో షట్టర్ సగం దించి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"వస్తుందా?"

"రాదు."

"అది?"

"అదీ రాదు."

అతను షట్టర్ పూర్తిగా దించాడు. ఇద్దరూ చాలాసేపు దీపం వెయ్యలేదు.

"ఎలా వండుతోంది?"

"ఉప్పు తక్కువ వేస్తోంది."

ఫౌస్తో ఆలోచించాడు. "అక్కడ నీళ్ళు ట్యాంకర్లో వస్తాయి. బోరు నీళ్ళు, ఉప్పగా ఉంటాయి. తక్కువే వెయ్యాలి." మళ్ళీ కాసేపటికి, "కరెక్టుగానే వేసింది," అన్నాడు.

"ఊఁ."

"జనం ఎక్కడ కూర్చుంటున్నారు?"

"నిలబడే తింటున్నారు."

మర్నాడు పొద్దున్నే ఎర్మెలిందా లేచేసరికి కర్టెన్లన్నీ తీసి ముడేసి ఉన్నాయి. గుమ్మం ముందు చిన్న లారీ. దోన్ నికనోర్ బావమరిది బాసిలియోది అది. ఫౌస్తో గదుల్లోంచి కుర్చీలు మోసుకొచ్చి లారీలో తలకిందులుగా పేరుస్తున్నాడు. తాత చేయించిన కుర్చీలు, నల్లటి చెక్కవి. కాళ్ళకి పాత బట్టలు చుట్టాడు. తాడు తనే బిగించాడు, రెండుసార్లు లాగి చూశాడు.

"నువ్వూ వెళ్ళరాదూ?" అంది ఎర్మెలిందా.

"డ్రైవరు పక్కన చోటు లేదు."

డ్రైవరు పక్కన బాసిలియో టోపీ ఒక్కటే ఉంది.

లారీ వెళ్ళింది. ఫోన్ పలక మోగింది, ఇరవై అంతస్తుల్లోంచి ఎవరో. ఫౌస్తో వినలేదు. ఎర్మెలిందా దాన్ని మోగనిచ్చింది. హాలు పెద్దదైపోయింది. మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడేలా ఉంది.

రెండింటికి బాసిలియో తిరిగొచ్చాడు. లారీ గుమ్మం ముందు ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"దించానక్కా. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు."

"ఏమంది?"

"ఏమంటుంది. ముందు ఎవరు పంపారంది. చెప్పాను. అక్కడే నిలబడి ఒక్కొక్క కుర్చీ ముట్టుకుని లోపల పెట్టించుకుంది. అన్నీ అయ్యాక నా మీద పడింది. ముప్ఫై రెండుండాలి, ముప్ఫై ఒకటే ఉన్నాయి, దారిలో పడేసుకున్నావా అని. నాకేం తెలుసు, ఇచ్చినవి తెచ్చానన్నాను. అయితే వెళ్ళి ఆ మిగిలింది కూడా తీసుకురమ్మంది. ఇవాళే కావాలంది."

ఎర్మెలిందా వెనక్కి తిరిగింది.

ఖాళీ హాలు మధ్యలో ముప్ఫై రెండో కుర్చీ ఉంది. దాని మీద ఫౌస్తో కూర్చుని ఉన్నాడు. బాసిలియో మాటలు విన్నాడు. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆనించి, కొంచెం ముందుకి వంగాడు.

బయట లారీ ఇంజను ఇంకా ఆగలేదు.